మినిమైజ్ బటన్ ఎవరికి అడ్డమొచ్చింది?

2011లో లినక్స్ కంప్యూటర్లకు వాడే గ్నోమ్ అనే డెస్క్‌టాప్ (తెర మీద కిటికీలూ మెనూలూ చూపించే సాఫ్ట్‌వేర్) మూడో వెర్షన్ వచ్చినప్పుడు మినిమైజ్, మాగ్జిమైజ్ బటన్లు డిఫాల్ట్‌గా ఎత్తేశారు. అంతా ఒకే తీరుగా, శుభ్రంగా ఉండాలట! ఇల్లు సర్దండి బాబూ, కాదన్నదెవరు? నా చెప్పులు మాత్రం అటక మీద పెట్టకండి. ఆ చిన్న గీత వెనక్కి రావాలంటే ట్వీక్స్ అని ఇంకో యాప్ వేసుకోవాలి, లేదంటే కమాండ్ టైపు చేయాలి. కేడీఈ ప్లాస్మా అనే ఇంకో లినక్స్ డెస్క్‌టాప్‌లో అవే బటన్లను మౌస్‌తో లాగి నచ్చిన వరసలో పెట్టుకోవచ్చు. అక్కడ ఎవరి కొంపా మునగలేదే!

అమ్మ ల్యాప్‌టాప్‌లో ఉన్నది వేరే డెస్క్‌టాప్, పేరెందుకులెండి. మొన్న అప్‌డేట్ కొట్టగానే, కింద పట్టీ కోసం నేను ముచ్చటపడి పెట్టిన ఎక్స్‌టెన్షన్ (డెస్క్‌టాప్‌కి తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్) కాస్తా చచ్చింది. పొద్దున్నే ఫోన్: "ఒరేయ్, కింద పట్టీ ఏదిరా? నేనేం నొక్కలేదు, ఒట్టు!"

ఊరికి నాలుగొందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని, టెర్మినల్, అదే కమాండ్లు టైపు చేసే కిటికీ, ఎలా తెరవాలో అమ్మకి ఫోన్లో చెబుతున్నాను.