సుమారు అర కిలో మాంసం

రాత్రి తొమ్మిదయింది. బల్ల మీద యాభై ప్రశ్నలు, వాటికి యాభై జవాబులు. అన్నీ గైడులోంచి దించినవే. సగం ఇంగ్లీషు సాహిత్యం, సగం ఇంగ్లండు చరిత్ర. పొద్దున లెక్చరర్ చేతిలో పెట్టేటప్పటికి అవన్నీ "సొంత మాటల్లో" ఉండాలి. డిగ్రీ కుర్రాడికి సొంతిల్లు కట్టడం దీనికన్నా సులువు. ఇంటికి బ్యాంకు అప్పిస్తుంది, మాటలకి థెసారస్ ఒక్కటే దిక్కు, అంటే ఒక మాటకి అదే అర్థమొచ్చే మాటలన్నీ వరసగా ఇచ్చే పుస్తకం.

పీటర్ మార్క్ రోజే 1852లో ఆ పుస్తకం వేసింది, మాట నాలుక చివర ఆడుతూ బయటికి రాక తన్నుకునేవాడి కోసం. చేతిలో ఉన్న మాటని గుర్తుపట్టకుండా చెయ్యడానికి వాడేవాడు మన కుర్రాడు. వాక్యంలో మూడో మాటకల్లా ఒకదాన్ని పీకడం, ఆ పీట మీద దాని చుట్టాన్ని కూచోబెట్టడం. ఇప్పుడా పని సాఫ్ట్‌వేరే చేసిపెడుతోంది కాబట్టి పీకే శ్రమ కూడా తప్పింది. కాకపోతే చుట్టాలందరూ అన్ని శుభకార్యాలకీ పనికిరారు కదా.

ముందుగా బలైంది "వార్స్ ఆఫ్ ది రోజెస్". 1455 నుంచి 1485లో బాస్వర్త్ దాకా లాంకాస్టర్, యార్క్ వంశాలు కిరీటం కోసం ఒకరినొకరు నరుక్కున్న కథ, "కాన్‌ఫ్లిక్ట్స్ ఆఫ్ ది ఫ్లవర్స్" అయి, పూలకొట్టు ముందు బేరం చెడినట్టు తయారైంది. 1773 డిసెంబరు 16 రాత్రి అమెరికా వలసవాసులు బ్రిటిషు పన్ను మీద కోపంతో 342 పెట్టెల టీని రేవులో పారబోసిన బోస్టన్ టీ పార్టీ "బెవరేజ్ గేదరింగ్" అయింది. బిస్కట్లు ఎవరు తెచ్చారో రాయలేదు, అంతవరకు నయం.

అసలు దెబ్బ పార్లమెంటుకి తగిలింది. 1640 ఏప్రిల్‌లో మొదటి చార్లెస్ పిలిచి, మూడు వారాలకే ఇంటికి పంపేసిన సభ షార్ట్ పార్లమెంటు. అదే ఏడు నవంబరులో కూర్చున్నది లాంగ్ పార్లమెంటు. 1648 డిసెంబరులో సైన్యం తనకి గిట్టని సభ్యుల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తే, లోపల మిగిలిన ముక్క రంప్ పార్లమెంటు. రంప్ అంటే మిగిలిన ముక్క అని ఒక అర్థం, పిరుదులని ఇంకో అర్థం. సాఫ్ట్‌వేరుకి రెండోదే నచ్చింది. కురచ పార్లమెంటు, పొడుగు పార్లమెంటు, పిరుదుల పార్లమెంటు! 1649 జనవరిలో రాజుగారి తల తీయించింది ఈ మూడోదే.

కుర్రాణ్ణి ఒక్కణ్ణే అనుకుని లాభం లేదు. ఈ జబ్బు ఇంగ్లీషు పుట్టినచోటా ఉంది. లండన్‌లో మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయం లెక్చరర్ క్రిస్ శాడ్లర్, విద్యార్థుల పేపర్లలో "సినిస్టర్ బటక్స్" అనే మాట చూసి బిత్తరపోయాడు. విప్పి చూస్తే అది "లెఫ్ట్ బిహైండ్". లెఫ్ట్ అంటే ఎడమ, ఎడమకి లాటిన్‌లో సినిస్టర్, బిహైండ్ అంటే వెనక భాగం. వెనకబడిపోవడం కాస్తా ఎడం పిరుదులైంది. ఈ విద్యకి ఆయన రోజే పేరు మీదే "రోజేటింగ్" అని నామకరణం చేశాడు.

జవాబులో కొన్ని మాటలు మేకుల్లాంటివి. మనుషుల పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు, యుద్ధాలకీ చట్టాలకీ స్థిరపడిన పేర్లు, పారిభాషిక పదాలు. కలం పట్టకముందే వీటి చుట్టూ పెన్సిల్‌తో గీత గీసెయ్యాలి. బ్లాంక్ వర్స్ బ్లాంక్ వర్స్‌గానే ఉండాలి. అంత్యప్రాస లేకపోయినా అయిదు గణాల నడక ఉన్న పద్యం అది. కుర్రాడు దాన్ని ఒకచోట "ఫ్రీ వర్స్" చేశాడు. మన లెక్కలో చెప్పాలంటే ఛందస్సున్నదాన్ని తీసుకెళ్ళి వచన కవితల్లో కలిపాడు. ఇంకోచోట "ఎంప్టీ వర్స్" చేశాడు. దాంతో పదివేల పంక్తులు దాటిన మిల్టన్ కావ్యం మొత్తం ఖాళీ అయిపోయింది.

మేకులు పీకితే నవ్వులాటతో పోతుంది. కీలు పీకితే కథే కూలుతుంది. షేక్‌స్పియర్ నాటకంలో మాక్బెత్‌కి మంత్రగత్తెలు చూపిన ఆకారం చెప్పిందేమిటి? స్త్రీకి పుట్టినవాడెవడూ నీకు హాని చెయ్యలేడని. కుర్రాడు దీన్ని చక్కగా కుదించి "ఎవరూ చంపలేరు" అని రాశాడు. మరి మాక్డఫ్ వచ్చి చంపాడే! తల్లి కడుపు కోసి నెలలు నిండకముందే బయటికి తీసిన బిడ్డ కాబట్టి చంపాడు. హిరణ్యకశిపుడి వరాన్ని "ఎప్పుడూ, ఎక్కడా, ఎవరి చేతా చావు లేదు" అని తిరగరాస్తే, ఇక సంధ్యవేళ ఎందుకు, గడప ఎందుకు, స్తంభంలోంచి నరసింహుడు రావడం ఎందుకు?

"మర్చంట్ ఆఫ్ వెనిస్" నాటకంలో ఆంటోనియోకి అప్పిచ్చిన షైలాక్ గతి ఇంకా ఘోరం. మూడు వేల డకట్లు, మూడు నెలల గడువు, తప్పితే ఒక పౌండు మాంసం. సాఫ్ట్‌వేరు పౌండుని మెట్రిక్‌లోకి దించింది, కుర్రాడు దశాంశాలు బాగోలేవని సరిచేశాడు: "సుమారు అర కిలో మాంసం". అక్కడ ఆంటోనియో తరఫున పోర్షియా చేసే వాదనంతా పత్రంలోని కచ్చితమైన మాటల మీదే నడుస్తుంది. పత్రంలో మాంసం ఉంది, రక్తం లేదు. పైగా తక్కువా కాకూడదు, ఎక్కువా కాకూడదు, త్రాసు వెంట్రుకవాసి ఒరిగినా షైలాక్ ప్రాణం, ఆస్తీ రెండూ పోతాయి. "సుమారు" అన్న ఒక్క మాటతో పోర్షియా కేసు ఓడిపోయింది, ఆంటోనియో కోతకి సిద్ధమయ్యాడు.

జవాబులయ్యాక ప్రశ్నల మీద పడ్డాడు. "డంకన్ హత్యకి బాధ్యులెవరు?" అన్నది వ్యాసం ప్రశ్న. డంకన్ అంటే మాక్బెత్ చంపిన రాజు. మంత్రగత్తెల మాట, లేడీ మాక్బెత్ పోరు, మాక్బెత్ ఆశ, అన్నీ తూచి రాయాలి. "డంకన్‌ని ఎవరు చంపారు?" అని మారిస్తే అది బిట్టు, దాని కింద రెండు పేజీల జవాబు. ఎనిమిదో హెన్రీ పోయేనాటికి భార్య ఎవరంటే కేథరిన్ పార్. "హెన్రీ పోయాక కూడా బతికున్నది ఆరుగురు భార్యల్లో ఎవరు?" అని తిప్పగానే జవాబులు రెండయ్యాయి. 1540లో పెళ్ళి రద్దయిన క్లీవ్స్ ఆన్ 1557 దాకా నిక్షేపంగా ఉంది. హెన్రీ 1547లో, కేథరిన్ ఆ మరుసటేడే పోయారు. సోదెవాడు సీజరుకి చెప్పిన "ఐడ్స్ ఆఫ్ మార్చ్", అంటే 15వ తేదీ, అచ్చుతప్పనుకుని సాఫ్ట్‌వేరు "ఎండ్ ఆఫ్ మార్చ్" చేసింది. మార్చి నెలాఖరు జాగ్రత్త అని సీజరుకి ఆడిటరు చెప్పినట్టుంది. అప్పటికి ఆయన పోయి పదహారు రోజులు.

దీనికి మందు పెద్ద ఖరీదేం కాదు. జవాబు రెండుసార్లు చదివి గైడు మూసెయ్యాలి. పక్కన ఉన్నవాళ్ళకి, వాళ్ళు వినకపోయినా సరే, తెలుగులో కథలా చెప్పాలి. ఎక్కడ నోరు తడబడిందో అక్కడ అర్థం కాలేదన్నమాట, అంతమేరకే మళ్ళీ తెరవాలి. ఆ చెప్పినదాన్నే ఇంగ్లీషులో చిన్న వాక్యాలుగా రాసి, గీత గీసిన మేకుల్ని యథాస్థానంలో కొట్టాలి. చివర్లో ప్రశ్నని చేత్తో కప్పి జవాబు మాత్రం చదివి, ఇది దేనికి జవాబో ఊహించాలి. ఊహ తప్పితే రెంటిలో ఒకటి దారి తప్పిందని లెక్క. ఒక్కో ప్రశ్నకి పది నిమిషాలు చాలు. యాభైకి ఎనిమిది గంటల పైచిలుకు. అందుకే ఈ మందు రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టినవాడికి పనిచెయ్యదు.

పేపర్లు తిరిగొచ్చాయి. పిరుదుల పార్లమెంటు పక్కన ఎర్రసిరాతో రెండు ఆశ్చర్యార్థకాలున్నాయి. పూలకొట్టు తగాదాకి అడ్డగీత. "సుమారు అర కిలో మాంసం" చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టి, మార్జిన్‌లో లెక్చరర్ ఒక్క ప్రశ్న రాశారు: "బోన్‌తోనా, బోన్‌లెస్సా?"