ఒక్క లెక్కకు ఒక పుష్కరం

మన ఈఏపీసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు. అందులో 80 లెక్కలే. ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. తట్టకపోతే ‘వదిలెయ్, తర్వాతది చూడు’ అంటాం. అమలాపురం చుట్టుపక్కల ఇంటర్ పిల్లలకు ఏళ్లపాటు నేనూ అదే చెప్పాను. ఆ మాట ఇప్పుడు నన్ను బాధిస్తోంది.

కారణం గణితవేత్త పెర్ ఎన్‌ఫ్లో. 1944లో స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. కచేరీలు చేసే పియానో విద్వాంసుడు కూడా. సాధకం విలువ ఆయనకు పియానో దగ్గరే తెలిసి ఉంటుందని నా నమ్మకం. బనాక్ అంతరాళాల మీద, అంటే పొడవు కొలిచే వీలున్న సదిశల లోకాల మీద, 1936లో పోలండ్ గణితవేత్త మజూర్ ఒక ప్రశ్న వేసి, తేల్చినవారికి బతికున్న పెద్ద బాతును ఇస్తానన్నాడు. 1972లో ఎన్‌ఫ్లో దాన్ని తేల్చాడు. వార్సాలో మజూర్ స్వయంగా బాతును చేతికిచ్చాడు. కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు దిగడం చూసే మనకు ఆ బహుమతి ముచ్చటగానే ఉంటుంది.

అసలు పరీక్ష ఆ తర్వాత పట్టుకున్న ప్రశ్న. దాన్ని మన కాలువతో పోల్చి చెబుతాను. ధవళేశ్వరం దగ్గర మధ్య డెల్టా కాలువలోకి వదిలిన నీరు ఏ లాకు దాటినా, ఏ బోదెలోకి మళ్లినా గౌతమికీ వసిష్ఠకీ నడుమే ఉంటుంది, తూర్పు డెల్టాకు పోదు. ఒక సదిశను మరో సదిశగా మార్చే నియమం ఆపరేటర్. అది సదిశలను అటూ ఇటూ మారుస్తుంటే, తనలోని సదిశలను తనలోనే ఉంచుకునే ఉపాంతరాళం, అంటే అంతరాళంలోని ఒక భాగం, అలాంటిది. అనంత పరిమాణాల్లో ప్రతి ఆపరేటర్‌కూ అలాంటిది ఒకటి, శూన్యమూ మొత్తమూ కాకుండా, ఉండి తీరుతుందా?

ఉండనక్కర్లేదని, బనాక్ అంతరాళంలో అలాంటి ఆపరేటర్‌ను కట్టానని ఎన్‌ఫ్లో 1975లో ప్రకటించాడు. వ్యాసం పత్రికకు వెళ్లింది 1981లో. నూరు పేజీల నిరూపణ, పరిశీలించడమే కష్టం. ఈలోగా 1984లో చార్లెస్ రీడ్ అనే మరో గణితవేత్త తనదైన దారిలో చేసిన నిరూపణ ముందే అచ్చయింది. ఎన్‌ఫ్లోది వెలువడింది 1987లో. అంటే ప్రకటించాక సరిగ్గా ఒక పుష్కరం. గోదావరి పుష్కరాలు మళ్లీ వచ్చేంత కాలం!

బనాక్ అంతరాళాల్లోనే కోణాలూ కొలవగల ప్రత్యేక రకమైన హిల్బర్ట్ అంతరాళంలో మాత్రం అలాంటి ఉపాంతరాళం ఉండి తీరుతుందంటూ 79 ఏళ్ల వయసులో, 2023లో, ఆయన మరో వ్యాసం పెట్టాడు. అది నిలుస్తుందో లేదో నిపుణులు తేల్చాలి. ఆ వయసులోనూ ఆ ప్రశ్నను వదలకపోవడం నన్ను కదిలించింది.

ర్యాంకులు వద్దనను, వాటితో బతుకులు ముడిపడ్డాయి. కళాశాలల యాజమాన్యాలను ఒక్కటే అడుగుతున్నాను. జూన్‌లో కాలువలకు నీళ్లొదిలే రోజుల్లో బోర్డు మూల ఒక కష్టమైన లెక్క రాసి, సంక్రాంతి సెలవుల దాకా చెరపకుండా ఉంచనివ్వండి.