సవరణ: మూడిల్ క్విజ్‌లో అదనపు సమయం

ఆన్‌లైన్ బోధనా వేదిక మూడిల్‌లో, అదనపు సమయం ఇవ్వాల్సిన విద్యార్థికి యూజర్ ఓవర్‌రైడ్‌లో (ఆ ఒక్క విద్యార్థికే వర్తించే ప్రత్యేక సెట్టింగ్‌లో) టైమ్ లిమిట్ ఒక్కటి పెంచితే చాలని అధ్యాపకులకిచ్చిన సూచనల్లో రాశాం. అది తప్పు. టైమ్ లిమిట్, క్లోజ్ టైమ్‌లలో ఏది ముందొస్తే అక్కడే అటెంప్ట్ ఆగిపోతుందని మూడిల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.

క్విజ్ 11 గంటలకు ముగుస్తుందనుకోండి. టైమ్ లిమిట్‌ను 60 నిమిషాల నుంచి 90కి పెంచినా, 10 గంటలకు మొదలుపెట్టినవారికి దక్కేది 60 నిమిషాలే. పెంచిన అరగంట సెట్టింగ్‌లో కనిపిస్తుంది గానీ చేతికి రాదు. అందుకే అదే ఓవర్‌రైడ్‌లో క్లోజ్ టైమ్‌నూ 11:30కి జరపండి.

ఇక్కడే ఇంకో చిక్కుంది: రివ్యూ ఆప్షన్లలో (విద్యార్థులకు ఏది ఎప్పుడు చూపాలో చెప్పే సెట్టింగ్‌లలో) ‘క్విజ్ ముగిశాక’ కింద సరైన జవాబులకు టిక్ ఉంటే, మిగతా క్లాసుకు అవి 11 గంటలకే కనిపిస్తాయి, ఈ విద్యార్థి ఇంకా రాస్తుండగానే. ఆ టిక్ తీసేసి, అందరూ ముగించాక పెట్టండి.