జాకీ రాబిన్సన్‌కు ముందు ఎవరూ లేరా?

ఇందాక పిల్లల క్విజ్‌లో మా అమ్మాయి చెప్పిన జవాబును తప్పని కొట్టేశారు. ఇంకా ఒళ్లు మండిపోతోంది. అమెరికాలో అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడు ఎవరన్నది ప్రశ్న. అది ఫ్లీట్ వాకర్ అంది. కాదట, జాకీ రాబిన్సనట!

రాబిన్సన్ మీద నాకు ఎనలేని గౌరవం. కానీ ఆయన బ్రూక్లిన్ తరఫున దిగింది 1947లో. వాకర్ 1884లోనే, అప్పుడు మేజర్ లీగ్‌లో ఉన్న టొలీడో జట్టుకు 42 మ్యాచ్‌లు ఆడాడు. అదే ఏడాది అతని తమ్ముడు వెల్డీ కూడా ఆడాడు. 1879లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడిన విలియం ఎడ్వర్డ్ వైట్ పేరు చెప్పి ఉంటే కనీసం కూర్చుని వాదించేదాన్ని. ఆయన తల్లి బానిస, ఆయన మాత్రం తెల్లవాడిగా చెలామణీ అయ్యాడు. ఆ పేరైనా వాళ్లు విన్నారా?

వాకర్ క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని ఏ బంతి వేయాలో పిచర్‌కు (బంతి విసిరేవాడికి) సైగ చేసి, ఆ బంతిని పట్టేవాడు. ఇప్పటి క్యాచర్ల చేతికుండే మెత్తటి గ్లవ్ ఆ రోజుల్లో లేదు. పైగా సొంత జట్టు పిచర్ టోనీ ములేన్ అతని సైగలను పట్టించుకునేవాడు కాదు. నల్లవాడి మాట వినడం ఇష్టంలేక తోచిన బంతి వేసేవాడినని, అయినా తను చూసిన క్యాచర్లలో వాకరే మేటి అని ములేనే తర్వాత ఒప్పుకున్నాడు. ఏ బంతి వస్తుందో తెలియకుండా ఆ చేతులతో పట్టడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి.

అసలు నా కడుపుమంట షికాగో జట్టును నడిపిన క్యాప్ యాన్సన్ మీద. 1883లో వాకర్ ఉంటే తన షికాగో జట్టు ఆడదని మొండికేశాడు. చేతి గాయంతో వాకర్ ఆ రోజు ఆడాల్సిందే కాదు. ఈ పొగరు చూసి టొలీడో మేనేజర్ మోర్టన్ కావాలనే వాకర్‌ను అవుట్‌ఫీల్డ్‌లో (మైదానం వెనక భాగంలో) దింపాడు. టికెట్ డబ్బులో వాటా పోతుందనేసరికి యాన్సన్ నోరుమూసుకుని ఆడాడు. ఆ తర్వాత కూడా అందరూ మోర్టన్‌లా నిలబడి ఉంటే ఎంత బాగుండేది! కానీ 1887 జూలైలో, మేజర్ లీగ్‌కు కింది స్థాయి పోటీ అయిన ఇంటర్నేషనల్ లీగ్‌లోని జట్ల యజమానులు ఇకపై నల్లవాళ్లతో ఒప్పందాలు వద్దని ఓటేసి తలుపులు మూశారు.

యాన్సన్‌ను 1939లో బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకిచ్చే గౌరవస్థానం హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చోబెట్టారు. 1924లో పోయిన వాకర్ సమాధి మీద ఆరు దశాబ్దాలకు పైగా పేరు చెక్కిన రాయి కూడా లేదు. చివరికి అతను చదివిన ఓబర్లిన్ కళాశాల వాళ్లు పూనుకుని పెట్టించారు. ఆటను నడిపి కోట్లు గడించిన పెద్దలకు ఆ మాత్రం చేతకాలేదా?