అది ఊరికే గెంతడం కాదండీ

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంట్లో ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ పెడితే ప్రతిసారీ ఇదే గొడవ. డల్లాస్ కౌబాయ్స్ జట్టు చీర్‌లీడర్లు టీవీలో కనబడగానే ఎవరో ఒకరు "నాలుగు గంతులేస్తే డబ్బులే డబ్బులు" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఏం డబ్బులండీ? 2014లో ఓక్లాండ్ రైడర్స్ అనే మరో జట్టు చీర్‌లీడర్లు జీతాల గురించి కోర్టుకెళ్లారు. సీజన్ మొత్తానికి వాళ్లకిచ్చింది 1,250 డాలర్లు. రిహార్సల్స్, బయటి కార్యక్రమాలు అన్నీ లెక్కేస్తే గంటకు 5 డాలర్లు కూడా పడలేదు. అదే ఏడాది బఫెలో జట్టు చీర్‌లీడర్లు కేసు వేస్తే ఆ బృందమే ఆగిపోయింది. అడిగినందుకు ఉన్నదీ పోయింది! వీళ్లను ఉద్యోగులుగా చూడాలని 2015లో కాలిఫోర్నియా చట్టమే చేయాల్సి వచ్చింది.

డల్లాస్ వాళ్లకు 2025లో జీతాలు బాగా పెరిగాయి, నిజమే. అంతకుముందు? పగలంతా వేరే ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీస్. వరసగా కాళ్లు తలదాకా ఎత్తి, చివర్లో గాల్లోకి ఎగిరి, కాళ్లు చెరోవైపు చాపి స్ప్లిట్‌లో నేల మీద పడతారు చూడండి, తుంటి కీళ్లు ఏం కావాలి? సర్జరీలు చేయించుకున్నవాళ్లున్నారు. కూచిపూడిలో పళ్లెం అంచు మీద ఆడే అమ్మాయికి చప్పట్లు కొడతాం కదా, వీళ్లకెందుకీ చులకన?

పోయిన వారం మా బావగారు మళ్లీ అదే మాటన్నారు. టీవీ కట్టేశాను.