ప్రభావం చూపగల క్రైస్తవులు కావలెను

యూరప్ సంస్కృతి మీద క్రైస్తవుల పలుకుబడి తగ్గిపోయిందని అక్కడి పెద్దలు చాలాకాలంగా కలవరపడుతున్నారు. కలవరపడి ఊరుకోలేదు పాపం. 2019 వేసవిలో ఇంగ్లండ్‌లోని రోచెస్టర్ కెథడ్రల్‌లో మినీ గోల్ఫ్ పెట్టారు. నారిచ్ కెథడ్రల్ ఇంకాస్త ముందుకెళ్ళి, తొమ్మిది వందల ఏళ్ళనాటి కట్టడం లోపల 55 అడుగుల జారుడుబల్ల నిలబెట్టింది. ఒక బిషప్ దాని మీది నుంచే ప్రసంగం చేసి జర్రున కిందికి జారారు. వాక్యం పైనుంచి దిగిరావాలన్నది ప్రాచీన సిద్ధాంతమే గనక వేదాంతపరంగా నాకే అభ్యంతరమూ లేదు. రెండేళ్ళకు జరిగిన జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులమని రాయించుకున్నవారు 46.2 శాతానికి జారారు. దీనికీ జారుడుబల్లకీ సంబంధం ఉందని నేననను.

బ్రస్సెల్స్ పెద్దలు వేరే దారి పట్టారు. 2004లో యూరోపియన్ యూనియన్‌కు రాజ్యాంగం సిద్ధమవుతున్నప్పుడు, పీఠికలో క్రైస్తవం పేరు ఉండి తీరాలని పోలండ్, ఇటలీ పట్టుబట్టాయి. పోప్ రెండవ జాన్‌పాల్ కూడా అడిగారు. ఫ్రాన్స్ ససేమిరా అంది. ఆఖరికి ‘సాంస్కృతిక, మత, మానవతావాద వారసత్వం’ అని సరిపెట్టారు. పెళ్ళి శుభలేఖలో వరుడి పేరు వేయకుండా ‘కుటుంబ సభ్యుడు’ అని అచ్చువేసినట్టు. మరుసటేడు ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఓటర్లు ఆ రాజ్యాంగాన్నే తిరస్కరించి, శుభలేఖతో సహా పెళ్ళినే రద్దు చేశారు.

కనుక ఇక మనుషుల్నే ఎంపిక చేసుకోవాలని నా మనవి. ఎవరి వృత్తిలో వారు ఉంటూ, విశ్వాసంతో సంస్కృతిని ప్రభావితం చేయగలవాళ్ళు కావాలి. (సదస్సుల్లో ఈ మాట భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి వినిపిస్తుంది.) ఇందుకు ఒక కమిటీ వేయాలి. అది ఎలా పనిచేయాలో చూపడానికి నేనే కొన్ని పాత దరఖాస్తులు తిరగేశాను. నిరాశే మిగిలింది.

మొదటిది జర్మన్ సంగీతకర్త యొహాన్ సెబాస్టియన్ బాఖ్‌ది. వృత్తి: లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ చర్చి బడిపిల్లలకు పాట నేర్పడం, ఆదివారాలకు సంగీతం సమకూర్చడం. 1722లో నగర మండలి ఈ ఉద్యోగం ముందు టెలెమన్ అనే పేరున్న సంగీతకర్తకు ఇవ్వజూపింది, ఆయన రానన్నాడు. గ్రౌప్నర్ అనే ఇంకో సంగీతకర్తను పిలిస్తే అతని దొర వదల్లేదు. మేలురకం దొరకలేదు గనక మధ్యరకంతో సర్దుకోవాలని ఒక సభ్యుడన్న మాట మినిట్స్‌లోకి కూడా ఎక్కింది. అలా వచ్చినవాడు కుదురుగా ఉన్నాడా? మండలితో ఏళ్ళ తరబడి తగాదా. 1730లో పాత మిత్రుడు ఎర్డ్‌మన్‌కు వెళ్ళబోసుకున్న గోడు వింటే కమిటీ గుండె ఆగుతుంది: ఊళ్ళో గాలి ఆరోగ్యంగా వీచి చావులు తగ్గాయట, అంత్యక్రియల మీద వచ్చే రాబడిలో నిరుడు వంద థాలర్లకు (అప్పటి వెండి నాణేలు) పైగా గండి పడిందట! సాటివాడి ఆయురారోగ్యాల మీద ఫిర్యాదు చేసే మనిషిని ఏ వేదిక ఎక్కిస్తాం?

ఇక ‘ప్రభావ వ్యూహం’ అన్న గడి ఖాళీ. రాతప్రతుల చివర ‘దేవునికే మహిమ’ అన్న అర్థంలో S.D.G. అని మూడక్షరాలు గీకేవాడు, అంతే. వచ్చే ఆదివారానికి కాంటాటా (ఆరాధనలో పాడే గానరచన) తయారవాలి, అదే ఆయనగారి దీర్ఘకాలిక ప్రణాళిక. దేవుణ్ణి నమ్మని డచ్చివాళ్ళు సైతం ఈస్టర్‌కు ముందు టికెట్లు కొనుక్కుని, మత్తయి సువార్తలోని క్రీస్తు శ్రమలకు ఆయన కట్టిన సంగీతం వింటూ దాదాపు మూడు గంటలు కదలకుండా కూర్చుంటారన్నది నిజమే. కానీ అది ప్రణాళికలో లేనిది గనక లెక్కకు రాదు.

రెండో అభ్యర్థి స్పెయిన్ వాస్తుశిల్పి ఆంటోనీ గౌడీ. బార్సిలోనాలో సగ్రాద ఫమీలియా చర్చి పని 1882లో మొదలైంది, మరుసటేడు ఈయన చేతికొచ్చింది. 43 ఏళ్ళు కట్టాడు, పూర్తి కాలేదు. 1926లో ట్రామ్ గుద్ది రోడ్డున పడి ఉంటే, మాసిన బట్టలు చూసి బిచ్చగాడనుకున్నారు. వ్యక్తిత్వ వికాసం విభాగంలో సున్నా. అంతకంటే ఘోరం, కట్టడానికి చెల్లుబాటయ్యే అనుమతి లేదు. 2010లో పోప్ పదహారవ బెనెడిక్ట్ వచ్చి ప్రతిష్ఠ చేసి వెళ్ళింది కూడా ఆ పర్మిషన్ లేని గుళ్ళోనే. 2019లో నగరపాలక సంస్థ 46 లక్షల యూరోలు కట్టించుకుని లైసెన్సు చేతిలో పెట్టింది. 137 ఏళ్ళ అక్రమ కట్టడం, ఆనక క్రమబద్ధీకరణ. తెలుగు పాఠకులకు యూరప్ మీద కాస్త ఆత్మీయత కలిగే సందర్భం ఇదొక్కటే.

పారిస్‌లోని నోత్రదామ్ కెథడ్రల్ వడ్రంగులు అసలు దరఖాస్తే పెట్టుకోలేదు. 2019లో కాలిపోయిన కప్పుకు గొడ్డళ్ళతో ఓక్ దూలాలు చెక్కి కూర్చారు, 2024 డిసెంబరులో గుడి తలుపులు తెరిచారు. చర్చినీ రాజ్యాన్నీ వేరుచేసిన 1905 చట్టం ప్రకారం ఆ గుడి ప్రభుత్వ ఆస్తి గనక, లౌకికవాదం మీద ఈగ వాలనివ్వని రాజ్యమే దగ్గరుండి చర్చికి కప్పు వేయించింది. 2025 ఈస్టర్‌కు ఫ్రాన్స్‌లో 10,384 మంది పెద్దవాళ్ళు జ్ఞానస్నానం తీసుకున్నారు, అంతకు ముందటేడు కంటే 45 శాతం ఎక్కువ. ఈ ఘనత ఏ సదస్సు ఖాతాలో వేయాలో తేల్చడానికి ఇంకో సదస్సు పెట్టక తప్పదు.

చివరి ఫైలు మనవాళ్ళది. 1842లో గుంటూరుకు లూథరన్ సువార్త మోసుకొచ్చిన హేయర్ జర్మనీలో పుట్టినవాడే. ఇప్పుడు శాఖ వేరనుకోండి, దారి తిరగబడింది. చర్చి గురువులు సరిపోని జర్మనీకి భారత్ నుంచి వెళ్ళిన వందలాది కతోలిక ఫాదర్లలో తెలుగు మేత్రాసనాల (బిషప్‌ల పరిధుల) వాళ్ళూ ఉన్నారు. అక్కడ ఆదాయపు పన్ను మీద 8, 9 శాతం చర్చి పన్ను ఉంటుంది. అది వద్దనుకుంటే కోర్టుకో రిజిస్ట్రార్ ఆఫీసుకో వెళ్ళి, సంతకం పెట్టి మరీ చర్చిని వదులుకోవాలి. ఏటా లక్షల మంది అలాగే వదులుకుంటున్నారు. మిగిలిన ముసలివాళ్ళ కోసం మన ఫాదర్ చలిలో ఒక విచారణ (చర్చి పరిధి) నుంచి ఇంకో విచారణకు కారేసుకుని తిరుగుతూ, నేర్చుకున్న జర్మన్‌లో దివ్యబలిపూజ చేస్తుంటాడు. సంస్కృతిని ప్రభావితం చేయడం గురించి దరఖాస్తులో ఒక్క ముక్క రాయలేదు. పెళ్ళిళ్ళు అరుదు, జ్ఞానస్నానాలు తక్కువ, భూస్థాపనలకు మాత్రం లోటు లేదు. బాఖ్ ఉంటే జీతం అడక్కుండా చేరిపోయేవాడు.