జీడిపప్పు కొటేషన్‌కు ఇంతమంది సాక్షులా?

శ్రీకాకుళం జిల్లాలో వ్యాపారం చేసుకునే ప్రతి ఒక్కరూ సొంతంగా మెయిల్ సర్వర్ (మెయిళ్లు పంపి, అందుకునే కంప్యూటర్) పెట్టుకోవాలని నేను గట్టిగా వాదిస్తాను. నెలకు మనిషికింత అని పెద్ద కంపెనీలకు డబ్బు కట్టేసి, ఏ టెన్షనూ లేకుండా మెయిళ్లు పంపుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్లకు లాగ్ ఫైల్ (సర్వర్ తను చేసిందంతా రాసుకునే చిట్టా) తెలీదు, క్యూ (ఇంకా వెళ్లని మెయిళ్ల వరుస) తెలీదు. పంపిన మెయిల్ అవతలివాళ్లకు చేరిపోతుంది. ఇక చెప్పుకోవడానికి వాళ్ల జీవితంలో ఏం మిగిలింది?

మా బావకు పలాసలో జీడిపప్పు వ్యాపారం. విజిటింగ్ కార్డు మీద ఉచితంగా దొరికే మెయిల్ అడ్రసు ఉంటే బయటి పార్టీలు లెక్కచేయడం లేదని, కంపెనీ పేరు మీదే మెయిల్ ఉండాలని పట్టుబట్టాడు. డొమైన్ కొన్నాం, ఎక్కడో డేటా సెంటర్లో చిన్న సర్వర్ అద్దెకు తీసుకున్నాం (సొంత సర్వర్ అంటే అద్దె సర్వరే, ఆ సంగతి కార్డు మీద వేయించక్కర్లేదు), దాంట్లో మెయిళ్లు పంపి, తీసుకునే పోస్ట్‌ఫిక్స్, వచ్చినవాటిని మనకు చూపించే డవ్‌కాట్ అనే ప్రోగ్రాములు ఎక్కించాం. రెండూ ఉచితమే, రెండూ గట్టి సరుకే. పోస్ట్‌ఫిక్స్‌ను వీట్సె వెనెమా అనే ఆయన ఐబీఎంలో ఉండగా రాసి 1998లో జనానికి వదిలాడు. జరగబోయేదాంట్లో పాపం ఆయన తప్పేమీ లేదు, ముందే చెప్పేస్తున్నాను.

సర్వర్ల మధ్య మెయిళ్లు నడిచే ద్వారం 25వ నంబరు పోర్టు. బయటికి పోయేవైపు అది మూసి ఉంది. క్లౌడ్ సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లు చాలామంది స్పామర్ల భయంతో దాన్ని ముందే మూసేస్తారు, తెరవాలంటే టికెట్ పెట్టి ఎవరికి ఏం పంపుతామో సంజాయిషీ రాసుకోవాలి. లోపలికొచ్చే దారి మాత్రం తెరిచే ఉంది. అందువల్ల మన మెయిల్ ఒక్కటి కూడా గడప దాటకముందే ఏ దేశాల నుంచో ఎవరెవరో వచ్చి అడ్మిన్, ఇన్ఫో, టెస్ట్ అనే పేర్లతో పాస్‌వర్డులు కొట్టి చూస్తూ పోతుంటే లాగ్ నిండిపోయింది. బావకు చూపిస్తే, "మన కొట్టుకి ఇంతమందొస్తే ఎంత బాగుణ్ణురా" అన్నాడు.

పోర్టు తెరిపించుకున్న తర్వాత సాక్షుల ఘట్టం, అంటే ఈ మెయిల్ నిజంగా మనదేనని అవతలి సర్వర్లను నమ్మించే ఏర్పాట్లు. ఇక్కడే మన చిన్న వ్యాపారుల వ్యక్తిత్వం వికసిస్తుంది. మొదటిది పీటీఆర్. ఫలానా పేరుకు ఫలానా ఐపీ (నెట్‌లో సర్వర్‌కుండే నంబరు) అని మనం చెప్పుకుంటే సరిపోదు, ఆ ఐపీని అడిగినా అదే పేరు చెప్పాలి. ఆ రెండో మాట రాసే అధికారం మనది కాదు, ఐపీ ఎవరిదో వాళ్లది. రెండోది ఎస్‌పీఎఫ్, అంటే మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్లకే ఉందని డీఎన్ఎస్‌లో (డొమైన్ పేర్ల వివరాలుండే బహిరంగ చిట్టాలో) రాసుకునే ఒక్క లైను. ఒక్కటంటే ఒక్కటే. కానీ వెబ్‌సైట్ చేసిన కుర్రాడు అంతకుముందే తన లైను ఒకటి రాసిపెట్టాడు, దాని కింద మన లైను చేరింది. రెండు ఉంటే రెండింతల భద్రత అనుకుంటాం గానీ రూలు ప్రకారం అది శాశ్వత లోపం, అప్పుడు ఏదీ చెల్లదు. వాటాదారులు ఇద్దరూ విడివిడిగా ఒకే పొలానికి పాస్‌బుక్ తెచ్చుకున్నట్టు.

మూడోది డీకిమ్, ప్రతి మెయిల్ మీదా వేలిముద్ర. దాన్ని సరిచూసుకోవడానికి డీఎన్ఎస్‌లో పెట్టే తాళంచెవి 2048 బిట్లు. డీఎన్ఎస్‌లో ఒక ముక్కకు 255 అక్షరాలే పడతాయి కాబట్టి దాన్ని కోసి, కోట్ గుర్తుల మధ్య ముక్కలుగా పెట్టాలి. డొమైన్ అమ్మినవాడి ప్యానెల్ ఆ గుర్తుల్లో ఒకదాన్ని మింగేసి, సేవ్ అయిందని పచ్చరంగులో చెబుతుంది. నాలుగోది డీమార్క్, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మా పేరుతో ఎవడైనా దొంగమెయిల్ పంపితే ఏం చేయాలో లోకానికి మనమిచ్చే ఆదేశం అది. అందులో మొదట ఏం రాయాలని తెలిసినవాళ్లనడిగితే అందరూ ఒకే మాట చెబుతారు: "ఏమీ చేయొద్దు అని రాయండి." రాశాం. ఆ ఏమీ చేయకపోవడం ఎలా జరుగుతోందో వివరిస్తూ రోజూ జిప్ ఫైళ్లలో రిపోర్టులు వస్తాయి.

గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లు ఈ ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టుకోవాల్సిందే అంది. బావ పంపేవి రోజుకు పట్టుమని పది ఉండవు. అయినా ముందు జాగ్రత్తగా అన్నీ పెట్టాం. "పేరు మనది, డబ్బులు మనవి, మళ్లీ ఈ సాచ్చులేటిరా?" అన్నాడు బావ. నా దగ్గర జవాబు లేదు, అందుకని భద్రత అన్నాను.

ఇదంతా మొదటినుంచీ ఇలాగే ఉందనుకోకండి. మెయిళ్లను సర్వర్ నుంచి సర్వర్‌కు చేర్చే నిబంధనలైన ఎస్‌ఎంటీపీని జాన్ పోస్టెల్ 1982లో రాసినప్పుడు అందరూ అందర్నీ నమ్మేవాళ్లు. ఆ మంచితనం ఇంకా కొంత మిగిలి ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన ఉద్దానంలో జీడితోటల్నీ కొబ్బరితోటల్నీ కూల్చేసి, రోజుల తరబడి కరెంటు లేకుండా చేసింది కదా, అలాంటప్పుడు ఇక్కడ ఏదైనా సర్వర్ మూగబోయినా దానికి రావాల్సిన మెయిల్ పోదు. పంపినవాడి సర్వర్ దాన్ని క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ తలుపు తడుతుంది, కనీసం నాలుగైదు రోజులైనా ఓపిక పట్టమని నిబంధనల్లోనే ఉంది. తుపానును క్షమిస్తుంది, కోట్ గుర్తును క్షమించదు.

ఆ ఓపిక కూడా జీడిపప్పుకు పనికిరాదు. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజులు ప్రయత్నిస్తుంది, ఈలోగా ఆలస్యమవుతోందని పంపినవాడికి కబురు కూడా చేయదు, ఆ హెచ్చరిక కావాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. సోమవారం పంపిన డబ్ల్యూ 320 రకం పప్పు రేటు అందలేదని శనివారం తెలిస్తే, అప్పటికి ఆ రేటు చరిత్ర.

చేరినవాటి కథ ఇంకా ఉదాత్తం. లాగ్‌లో 250 ఓకే అని ఉంటుంది. దానర్థం తీసుకున్నాం అని మాత్రమే, తీసుకుని ఎక్కడ పెట్టారో వాళ్లిష్టం. స్పామ్‌లో పెట్టారు. ఎందుకంటే మనది కొత్త ఐపీ, పరపతి లేదు. పరపతి రావాలంటే జనం మన మెయిళ్లు తెరవాలి, తెరవాలంటే కనబడాలి, కనబడాలంటే పరపతి ఉండాలి. మన ఐపీకి ఇటూ అటూ ఉన్నవాళ్లెవరో ఎప్పుడో స్పామ్ పంపారని మొత్తం వరుసనే బ్లాక్‌లిస్టులో వేసేవాళ్లూ ఉన్నారు. దీనివల్ల మన జిల్లాలో కొత్త వాణిజ్య సంప్రదాయం పుట్టింది: మెయిల్ పంపి, మెయిల్ పంపానని వాట్సాప్ పెట్టి, వాట్సాప్ చూశారా అని ఫోన్ చేసి, ఫోన్లో రేటు చెప్పేయడం.

అదే సమయంలో బావ ఇన్‌బాక్సులో, స్పామ్‌లో కాదు, సరాసరి ఇన్‌బాక్సులో, "మీ పార్సిల్ ఆగిపోయింది, వెంటనే ఇక్కడ నొక్కండి" అని ఒకటి వచ్చి కూర్చుంది. హెడర్లు (మెయిల్ వెనక దాగి ఉండే దాని ప్రయాణ వివరాలు) తీసి చూశాను. ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్. దొంగ తన సొంత డొమైన్ కొనుక్కుని సాక్షులందర్నీ పద్ధతిగా నిలబెట్టుకున్నాడు, కోట్ గుర్తులతో సహా. పలాసలో ఇంత క్రమశిక్షణ ఉన్న వ్యాపారిని నేను చూడలేదు.

ఇలాంటివాళ్లను ఆపడానికి గ్రేలిస్టింగ్ పెట్టాం. తెలియనివాడెవడైనా మెయిల్ తెస్తే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని 450 కోడు చెప్పి పంపేస్తుంది. స్పామరైతే మళ్లీ రాడని ఆశ. స్పామర్ వచ్చాడు. బ్యాంకు ఓటీపీ కూడా వచ్చింది, గడువు దాటాక.

మెయిల్ తీసుకునే ప్రతి డొమైన్‌కూ పోస్ట్‌మాస్టర్ అనే అడ్రసు ఉండి తీరాలని పాత నిబంధన ఒకటుంది. దాన్ని నమ్మి, మన మెయిళ్లను స్పామ్‌లో వేస్తున్న ఆ పెద్ద సర్వర్ వాళ్లకు వినయంగా అర్జీ రాశాను. జవాబు వచ్చింది. మీ అభ్యర్థన అందింది, ఇది యంత్రం పంపిన మెయిల్, దీనికి తిరిగి రాయవద్దు అని. మూడ్రోజులు ఆలస్యంగా చూశాం, ఎందుకంటే మన ఫిల్టర్ దాన్ని స్పామ్‌లో వేసింది. వాళ్ల అడ్రసును మంచివాళ్ల జాబితాలో చేర్చమంటావా అని బావనడిగాను.

"ఏటీ ముట్టుకోకు" అన్నాడు. "అక్కడే ఉండనీ."